ఎడమ సీటుకో అద్దం: రెండేళ్ల వాడకం తర్వాత

మా అబ్బాయిని డ్రైవింగ్ స్కూల్లో చేర్పించిన రోజే గమనించాను, వాళ్ల కారు ఎడమ అద్దం మడిచే ఉంది. నెల తిరిగేసరికి వాడికి క్లచ్ వదలడం వచ్చింది, ఎనిమిది వేయడం వచ్చింది. వెనక ఎవరొస్తున్నారో చూసుకోవడం మాత్రం రాలేదు. లెర్నింగ్ లైసెన్సు ఆరు నెలలు ఉంటుంది. ముప్పై రోజులు దాటితే టెస్టుకు వెళ్లొచ్చు కానీ నేను తొందరపడలేదు. ముందూ వెనకా ఎల్ బోర్డు అతికించి, పక్కన నేను కూర్చున్నాను.

అప్పుడు కొన్నదే ఈ అద్దం. ముందు గ్లాసుకు రబ్బరు కప్పుతో అతుక్కుంటుంది. హన్మకొండలో కారు సామాన్ల షాపులో మూడు వందలు తీసుకున్నారు. ఎడమ సీట్లో కూర్చున్న మనిషికి వెనక రోడ్డు కనిపించడానికి పెట్టుకునేది. నేనూ అందుకే కొన్నాను. వారం తర్వాత ఇంకోటి కొని, దాన్ని మా వాడి ముఖం వైపు తిప్పాను. నాకు నిజంగా పనికొచ్చింది ఈ రెండోదే.

ఎందుకంటే నేర్చుకునే పిల్లల చేతులు కనిపిస్తాయి, కాళ్లు కొంత కనిపిస్తాయి, కళ్లు కనిపించవు. "అద్దం చూశావా నాన్నా?" అంటే ఎవరైనా చూశాననే అంటారు. మే నెలలో గూడెప్పాడు దాటి పరకాల వైపు వెళ్తుంటే సగం రోడ్డు మీద యాసంగి వడ్లు ఆరబోసి ఉన్నాయి, అంచున రాళ్లు పేర్చారు. వాడి చూపు ఆ రాళ్ల మీదే ఉంది. స్టీరింగ్ కుడికి కదులుతోంది కానీ కళ్లు ఒక్కసారి కూడా అద్దం వైపు పోలేదు. మొదటి అద్దంలో బైకు దగ్గరికొచ్చేసింది. "ఆగు, పక్కన బండి" అన్నాను. వాడు బ్రేకు తొక్కాడు, బైకు దూసుకుపోయింది. కళ్లు కనిపించకపోతే ఆ మాట నా నోటి నుంచి ఒక సెకను ఆలస్యంగా వచ్చేది. అరవైలో సెకనుకు 16 మీటర్ల పైనే పోతాం.

ఆ రోజు నుంచి అడగడం మానేసి చూడటం మొదలుపెట్టాను. కుడికో ఎడమకో జరగాలంటే ముందు అద్దం, తర్వాత ఇండికేటర్, ఆ తర్వాతే స్టీరింగ్. ముందు బండి కరెంటు స్తంభం దాటగానే వెయ్యిన్నొకటి, వెయ్యిన్నిరెండు, వెయ్యిన్నిమూడు అని లెక్కపెట్టాలి. మూడు పూర్తయ్యేలోపే మనం ఆ స్తంభం దగ్గరికి వస్తే దగ్గరగా ఉన్నట్టు. "ఇంత ఖాళీ వదిలితే ఆటోలు దూరుతాయమ్మా" అన్నాడు. దూరతాయి. దూరనిచ్చి మళ్లీ లెక్కపెట్టమన్నాను. పత్తి సీజన్‌లో ఎనుమాముల మార్కెట్‌కు వెళ్లే ట్రాక్టర్ల వెనక ఆ లెక్క విలువ వాడికే తెలిసింది. చాలా ట్రాలీలకు వెనక లైటే ఉండదు మరి.

తర్వాత మా అక్క కూతురికి నేర్పాను. గేరు మార్చిన ప్రతిసారీ ఆమె చూపు కిందికి పోతోందని అద్దం చూపించింది. ఇంటి ముందు ఇంజన్ ఆపేసి, తల ఎత్తుకునే ఒకటి నుంచి ఐదు దాకా వేయించాను. నాలుగు సాయంత్రాల్లో పోయింది. ఆమెకు మాత్రం నా అద్దం నచ్చలేదు. "చిన్నమ్మా, నువ్వు రోడ్డు చూస్తున్నవా, నన్ను చూస్తున్నవా?" అనేది. అడగాల్సిన మాటే. మడికొండ దగ్గర ఒకరోజు నేను ఆమె కళ్లనే చూస్తూ ముందు ఆగిన ఆటోను చూడలేదు. ఆమే చూసి ఆపింది. ఇప్పుడు ఖాళీ రోడ్డు మీదే, అదీ ఒక్క క్షణం చూసి వదిలేస్తాను.

వస్తువు సంగతికొస్తే లోపాలు చాలానే ఉన్నాయి. మొదటిదాని రబ్బరు కప్పు ఎండాకాలంలో పనిచేయలేదు. ఎండలో పెట్టిన కారులో రెండుసార్లు ఊడిపడింది, ఒకసారి నా ఒళ్లోనే. ఇప్పుడు దిగేటప్పుడు తీసి డాష్‌బోర్డు పెట్టెలో వేస్తున్నాను. స్పీడ్ బ్రేకర్ ఎక్కితే వంగిపోతుంది. రాత్రి వెనక లారీ లైట్లు నేరుగా కంట్లో కొడతాయి, తగ్గించుకునే మీట లేదు. గ్లాసు మధ్యలో అతికిస్తే పిల్లలకే రోడ్డు అడ్డం, అందుకని పైఅంచుకు ఆనించాలి. ఉబ్బెత్తు అద్దమైతే వెనక బండి ఉన్నదానికంటే దూరంగా కనిపిస్తుంది. బండి ఉందో లేదో తెలుసుకోవడానికి సరే, దూరం మాత్రం దాంతో అంచనా వేయొద్దు.

ఇంకోటి, ఇది డ్రైవింగ్ స్కూలు కార్లలో నేర్పేవాళ్ల కాళ్ల దగ్గర ఉండే రెండో బ్రేకుకు బదులు కాదు. చేతికి దొరికేది హ్యాండ్‌బ్రేకే, అది వెనక చక్రాలనే పడుతుంది, గట్టిగా లాగితే బండి తిరగొచ్చు. బటన్ హ్యాండ్‌బ్రేకు ఉన్న కార్లలో దాన్ని కొద్దికొద్దిగా లాగడమూ కుదరదు. అందుకే స్టీరింగూ బ్రేకూ కుదురుకునేదాకా స్కూలుకే పంపండి, ఆ తర్వాతే ఇది కొనండి. తీసుకుంటే ముఖం వైపుకి ఉబ్బెత్తుది కాకుండా చదునుది అడగండి.