నాలుగేళ్ల ఫిక్సీ, రెండు వెనక హబ్‌లు

శాన్‌ఫ్రాన్సిస్కోలో నాలుగేళ్లుగా ఫిక్సీ మీదే ఆఫీసుకు వెళ్తున్నాను. ఫిక్సీ అంటే చక్రం తిరిగినంతసేపూ పెడళ్లూ తిరుగుతూనే ఉండే సైకిల్. దీని వెనక హబ్‌ను, అంటే చక్రం నడిమి భాగాన్ని, మొదటి ఏడాది అడిగినవారికీ అడగనివారికీ పొగిడాను. బేరింగుల గురించి ఆ మాట ఇప్పటికీ మార్చను. హబ్ మీది స్క్రూ మరల సంగతి వేరు.

రెండో ఏడాది, పెడళ్లను కాళ్లతో ఆపిన ప్రతిసారీ వెనక నుంచి టక్కుమని చిన్న చప్పుడు వచ్చేది. చైను వదులైందనుకుని చైనే బిగించాను. వారం తిరగకముందే, డివిజడెరో వీధి వాలులో కాళ్లు బిగపట్టగానే పెడళ్లు వెనక్కి తిరిగిపోయాయి. చక్రం మాత్రం ఆగలేదు. ముందు బ్రేకు ఉండబట్టి బతికాను. ఇంటికొచ్చి చూస్తే, కాగ్‌ను (చైను తగులుకునే వెనక పళ్లచక్రాన్ని) పట్టి ఉంచే లాక్‌రింగ్ వేళ్లతోనే ఊడి వచ్చింది. గ్రీజు నిండా అల్యూమినియం పొడి. హబ్ మీద మరలు నున్నగా అరిగిపోయాయి.

కాగ్‌ది కుడి మర, లాక్‌రింగ్‌ది ఎడమ మర, అంటే ఎదురు వైపు తిప్పితే బిగిసేది. ముందుకు తొక్కితే కాగ్ బిగుస్తుంది, వెనక్కి ఆపితే ఊడబోతుంది. దాన్ని ఊడనివ్వనిది లాక్‌రింగే. ఎత్తులెక్కే కొద్దీ కాగ్ ఇంకాస్త లోపలికి బిగుసుకుని, రెండింటి మధ్య సందు ఏర్పడుతుంది. ఆ సందులో స్టీలు కాగ్ ముందుకూ వెనక్కూ ఆడుతూ, అల్యూమినియం మరలను ఆకురాయిలా అరగదీస్తుంది. కొన్ని రోజులు తొక్కాక లాక్‌రింగ్ మళ్లీ బిగించాలన్న ఒక్క మాట బండి అమ్మినవాళ్లు చెప్పలేదు. ఆ కోపం నాకు ఇంకా తగ్గలేదు.

మళ్లీ అదే రకం హబ్ కొన్నాను. ఈసారి మరలను పాత టూత్‌బ్రష్‌తో తుడిచి, గ్రీజు రాసి, కాగ్‌ను మొదట చేత్తోనే ఎక్కించాను. తర్వాత రోటాఫిక్స్: చైనును కాగ్‌కూ, గుడ్డ చుట్టిన పెడల్ ఇరుసు గొట్టానికీ వేసి, చక్రాన్నే రెంచిలా తిప్పి బిగించడం. లాక్‌రింగ్ కూడా బిగించి ఒక ఎత్తు ఎక్కి వచ్చాను. కొక్కెం రెంచి పెట్టి చూస్తే లాక్‌రింగ్ మరో పావు చుట్టు తిరిగింది! మొదటి హబ్‌ను తినేసిన సందు అదే.

రెండేళ్లుగా చప్పుడు లేదు. అయితే నా బరువు 82 కిలోలు, వాలుల్లో సగం పని ముందు బ్రేకే చేస్తుంది. చక్రాన్ని జారించి ఆపేవారికి ఈ హబ్ ఇంతే మన్నుతుందని చెప్పలేను. కాగ్‌ను ఆరు బోల్టులతో బిగించే హబ్‌ల మీద మనసు ఉంది కానీ, దానికోసం చక్రం మొత్తం మళ్లీ కట్టించాలి. ప్రస్తుతానికి దీంతోనే తిరుగుతున్నాను.