వరల్డ్ స్పైడర్ కేటలాగ్: సాలీడు పేరు రాసే ముందు తెరవాల్సిన చోటు

సాలీళ్ల పరిశోధన అనగానే చాలామంది ముందు మైక్రోస్కోప్ కొనాలనుకుంటారు. అంతకన్నా ముందు అలవాటు కావాల్సింది పైసా ఖర్చు లేని ఈ కేటలాగ్, అంటే ప్రపంచంలోని సాలీడు జాతుల శాస్త్రీయ నామాల ఆన్‌లైన్ జాబితా. సాలీళ్ల శాస్త్రవేత్త నార్మన్ ప్లాట్నిక్ న్యూయార్క్‌లో మొదలుపెట్టిన జాబితాను 2014 నుంచి స్విట్జర్లాండ్‌లోని బెర్న్ నేచురల్ హిస్టరీ మ్యూజియం నడుపుతోంది. 2022లో జాతుల సంఖ్య 50,000 దాటింది.

అయితే దీని అసలు బలం జాబితాలో లేదు, పీడీఎఫ్‌లలో ఉంది. ఉచితంగా రిజిస్టర్ చేసుకుంటే స్వీడన్ ప్రకృతి శాస్త్రవేత్త క్లెర్క్ 1757 నాటి పుస్తకం మొదలుకొని వర్గీకరణ పరిశోధన పత్రాలు దించుకోవచ్చు. (జంతువుల శాస్త్రీయ నామాలకు 1758 ఆరంభం. క్లెర్క్ పెట్టిన సాలీళ్ల పేర్లకు మాత్రం ప్రత్యేక మినహాయింపు ఉంది.) పెద్ద గ్రంథాలయం అందుబాటులో లేని విద్యార్థికి ఇంతకు మించిన సాయం లేదు.

పేజీ చదవడం మొదట్లో కష్టంగానే ఉంటుంది. ఒక్కో జాతి కింద పత్రాల వరుస, పక్కన పొడి అక్షరాలు. ‘ఎమ్’ మగది, ‘ఎఫ్’ ఆడది, ‘డి’ తొలి వర్ణన, ‘టి’ మరో ప్రజాతికి (దగ్గరి సంబంధమున్న జాతుల గుంపు, జీనస్) మార్పు, ‘ఎస్’ పర్యాయనామం (అదే జాతికి పెట్టిన మరో పేరు). జాతి పేరు తర్వాత రచయిత పేరు బ్రాకెట్లలో ఉంటే, ఆ జాతిని మొదట వేరే ప్రజాతిలో వర్ణించారని అర్థం. జోరో సాలీడునే చూడండి. పాత పత్రాల్లో నెఫిలా క్లావాటా, 2019 తర్వాత ట్రైకోనెఫిలా క్లావాటా. పాత పేరుతోనే వ్యాసం రాసేస్తే, కొత్త పేరుతో వచ్చిన సమాచారమంతా పాఠకుడికి దొరక్కుండా పోతుంది. ప్రజాతి మారినా రెండో పదం సాధారణంగా నిలుస్తుంది కాబట్టి దానితో వెతకడం మేలు. ప్రజాతి పేరు వ్యాకరణ లింగాన్ని బట్టి ఆ పదం చివరి అక్షరాలు మారవచ్చు, అది గమనించాలి.

లోపాలూ ఉన్నాయి. ఫొటోలు లేవు, విషం గురించి ఏమీ ఉండదు, వ్యాప్తి దాదాపు దేశాల పేర్లతోనే ఆగిపోతుంది. చేతిలో ఫొటో పెట్టుకుని ఇక్కడ మొదలుపెడితే దారి దొరకదు. ముందు కళ్ల అమరిక, కాలిగోళ్ల సంఖ్య, గూడు తీరు చూసి కుటుంబం తేల్చుకుని రావాలి. జాతి దాకా వెళ్లాలంటే సాధారణంగా ఎదిగిన సాలీడే కావాలి: ఆడదానికి ఎపిజైన్ (పొట్ట కింద ఉండే జననాంగ పలక), మగదానికి పాల్ప్ (నోటి పక్కన ఉండే, సంపర్కానికి వాడే చిన్న కాలులాంటి అవయవం) పత్రంలోని బొమ్మతో సరిపోల్చాలి. పిల్ల సాలీడుకు ఇవి ఏర్పడి ఉండవు, కాబట్టి ప్రజాతి దగ్గరే ఆగడం నిజాయతీ. నమూనాను 70 నుంచి 75 శాతం ఇథనాల్‌లో ఉంచి, పెన్సిల్‌తో రాసిన చీటీని సీసా లోపలే వేయాలి. బాల్‌పెన్ సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది.

ఇంకో మాట. కేటలాగ్ నమోదు చేసేది ప్రచురితమైన అభిప్రాయాన్నే. అక్కడ ఉన్నంత మాత్రాన ఆ జాతి నిలబడుతుందని కాదు, ఒకే పాత వర్ణన మీద ఆధారపడ్డ పేర్లు చాలా ఉన్నాయి. పేజీ ఎప్పటికప్పుడు మారుతుంది కాబట్టి ఉటంకించేటప్పుడు వెర్షన్ నంబరు, చూసిన తేదీ రెండూ రాయాలి.