గేమింగ్ రౌటర్ కొనేముందు వాన్ ఐపీ చూసుకోండి

కర్నూలు, అనంతపురం, కడపల్లో ఇంటి నుంచే గేమ్ సర్వర్ నడపాలనుకునేవాళ్లు ఇది చదివాకే షాపుకు వెళ్లండి. ‘మీ రౌటర్ పాతది, అందుకే పోర్ట్ (బయటివాళ్లు మీ సర్వర్‌లోకి వచ్చే దారి) తెరుచుకోవడం లేదు, గేమింగ్ రౌటర్ తీసుకోండి’ అని షాపువాళ్లంటే వెంటనే డబ్బు కట్టొద్దు. చాలాసార్లు తప్పు రౌటర్‌ది కాదు, నెట్ కనెక్షన్‌ది. సీలు విప్పిన పెట్టెను వాపసు తీసుకునే షాపు దొరకడం కష్టం.

ముందు ఇంట్లో ఉన్నదాన్నే చూడండి. రౌటర్ అడుగున స్టిక్కర్ మీదుండే అడ్రస్ (సాధారణంగా 192.168.1.1 లేదా 192.168.0.1) బ్రౌజర్‌లో కొట్టి లాగిన్ అవ్వండి. స్టేటస్ పేజీలో కనిపించే వాన్ ఐపీ (నెట్ కంపెనీ వైపు మీ రౌటర్‌కున్న అడ్రస్ నంబరు) రాసుకోండి. తర్వాత ‘వాట్ ఈజ్ మై ఐపీ’ అని గూగుల్‌లో వెతికి, అక్కడ వచ్చిన ఐపీవీ4 నంబరుతో (చుక్కలతో నాలుగు భాగాలుగా ఉండేది) పోల్చండి. రెండూ ఒకటైతే కొత్త రౌటర్ అక్కర్లేదు, కింద చెప్పిన పోర్ట్ సెట్టింగ్ సరిచేస్తే చాలు.

వాన్ ఐపీ 100.64 నుంచి 100.127 మధ్యలో ఉంటే మీది సీజీనాట్ కనెక్షన్. ఐపీవీ4 అడ్రసులు చాలక, నెట్ కంపెనీ ఒకే పబ్లిక్ ఐపీని (ఇంటర్నెట్‌లో బయటికి కనిపించే అడ్రస్) చాలా ఇళ్లకు పంచుతుంది. బయట ఉన్న మీ ఫ్రెండ్ గేమ్‌లో చేరబోతే, ఆ ప్యాకెట్ (డేటా ముక్క) ఏ ఇంటికి పోవాలో తెలియక కంపెనీ దగ్గరే ఆగిపోతుంది. మీ గడప దాకా రానిదాన్ని మీ రౌటర్ లోపలికెట్లా పంపుతుంది? రెండు వేలదైనా ఇరవై వేలదైనా అంతే. 10తో మొదలయ్యే వాన్ ఐపీ కూడా చాలావరకు ఇదే బాపతు.

దీనికి మందు నెట్ కంపెనీ దగ్గరే ఉంది. స్టాటిక్ ఐపీ (మీ ఒక్క ఇంటికే ఇచ్చే, మారని పబ్లిక్ ఐపీ) ఇస్తారా, అదనంగా ఎంతవుతుంది అని అడిగి, ఒప్పుకున్నది మెసేజ్‌లోనైనా పెట్టించుకోండి. కుదరదంటే, నలుగురైదుగురు స్నేహితులకు టెయిల్‌స్కేల్ లేదా జీరోటైర్ (వేర్వేరు ఇళ్లలోని కంప్యూటర్లను ఒకే నెట్‌వర్క్‌లా కలిపే సాఫ్ట్‌వేర్) చాలు. అందరూ ఇన్‌స్టాల్ చేసుకోవాలి, అంతే. పోర్ట్ తెరిచే పనే ఉండదు.

వాన్ ఐపీ 192.168తో మొదలైతే అది వేరే జబ్బు. ఫైబర్ పెట్టె కూడా రౌటర్‌లా పనిచేస్తోందన్నమాట. దాన్ని నెట్ కంపెనీతో బ్రిడ్జ్ మోడ్‌లో (రౌటర్ పని మానేసి నెట్‌ను నేరుగా మీ రౌటర్‌కు అందించేలా) పెట్టించి, మీ రౌటర్ నెట్‌కు లాగిన్ కావడానికి కావలసిన పీపీపీఓఈ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, విలాన్ నంబరు (కంపెనీ లైన్‌కు పెట్టిన గుర్తు సంఖ్య) అడిగి తీసుకోండి. కుదరకపోతే రెండింట్లోనూ పోర్ట్ ఫార్వర్డ్ (ఆ పోర్ట్‌కు వచ్చినదాన్ని లోపలికి పంపే రూల్) చేయాలి.

పోర్ట్ సెట్టింగ్‌లో ఎక్కువమంది తప్పేది టీసీపీ, యూడీపీల (డేటా పంపే రెండు పద్ధతులు) దగ్గర. మైన్‌క్రాఫ్ట్ జావాకు 25565 టీసీపీ, బెడ్‌రాక్‌కు 19132 యూడీపీ, టెర్రేరియాకు 7777 టీసీపీ. సర్వర్ కంప్యూటర్‌కు డీహెచ్‌సీపీ రిజర్వేషన్ (ఇంట్లో దానికి ఎప్పుడూ ఒకే ఐపీ ఇచ్చే రౌటర్ సెట్టింగ్) పెట్టండి, లేకుంటే కరెంటు పోయి వచ్చాక ఐపీ మారి రూల్ ఇంకో పరికరానికి పోవచ్చు. విండోస్ ఫైర్‌వాల్‌లో కూడా అనుమతి ఇవ్వాలి. పని కాలేదని డీఎంజెడ్ మాత్రం ఆన్ చేయొద్దు, కంప్యూటర్ మొత్తం బయటికి తెరుచుకుంటుంది.

పరీక్షించేటప్పుడు సర్వర్ నడుస్తూ ఉండాలి, నడవకపోతే పోర్ట్ మూసే ఉన్నట్టు కనిపిస్తుంది. ఇంటి వైఫై నుంచి కాకుండా ఇంకో ఫోన్ మొబైల్ డేటాతో చేరి చూడండి. చాలా పోర్ట్ చెకింగ్ సైట్లు టీసీపీనే చూస్తాయి, యూడీపీకి వాటి మాట నమ్మొద్దు.

ఇంత చూశాకా కొనక తప్పకపోతే, పెట్టె మీద ‘ఏసీ1200’ అన్న పెద్ద అంకెకు మోసపోకండి. అది రెండు వైఫై బ్యాండ్ల లెక్క కలిపి వేసింది. అదే మోడల్‌లో కేబుల్ పోర్టులు 100 ఎంబీపీఎస్‌వే ఉండొచ్చు. గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) పోర్టులు ఉన్నాయో లేదో చూసి, వాపసు షరతు బిల్లు మీద రాయించుకుని, ఆ తర్వాతే సీలు విప్పండి.