ఎన్‌క్లెక్స్ మళ్లీ పోయింది: 45 రోజులకే రాయాలా, ఆగి రాయాలా?

అమెరికాలో నర్సుగా పనిచేయడానికి రాసే లైసెన్సు పరీక్ష ఎన్‌క్లెక్స్. అది పోయిందని ఫలితం వచ్చిన రోజు ఇంట్లో అడిగే మొదటి మాట "మళ్లీ ఎప్పుడు రాస్తావు?" అనే. ఆ టెన్షన్‌లో చాలామంది 45 రోజుల లెక్క పట్టుకుంటారు. ఒకసారి పోయాక కనీసం 45 రోజులు ఆగాలని, ఏడాదిలో ఎనిమిది సార్లకు మించి రాయకూడదని అమెరికాలో పరీక్ష నడిపే మండలి నిబంధన. అది కనీస గడువు మాత్రమే. మనవాళ్లు దాన్నే ప్రిపరేషన్ ప్లాన్ చేసేసుకుంటారు.

విజయవాడ సూర్యారావుపేటలోనో గుంటూరు కొత్తపేటలోనో డ్యూటీలు చేస్తూ రెండోసారి, మూడోసారి పోయినవాళ్లు సలహా అడిగితే నేను ముందు అడిగేది ఒకటే: ఎన్ని ప్రశ్నల దగ్గర ఆగింది?

ఎన్‌క్లెక్స్ ఆర్‌ఎన్‌లో, అంటే రిజిస్టర్డ్ నర్సుల పరీక్షలో, అందరికీ ఒకే పేపరు ఉండదు. మీ జవాబును బట్టి తర్వాతి ప్రశ్నను కంప్యూటర్ ఎంచుకుంటుంది. కనీసం 85 ప్రశ్నలు, గరిష్ఠం 150, టైము ఐదు గంటలు. మీరు పాస్ గీతకు పైన ఉన్నారో కింద ఉన్నారో 95 శాతం నమ్మకంతో తేలిపోతే 85 దగ్గరే ఆపేస్తుంది, తేలకపోతే అడుగుతూనే ఉంటుంది. "85కే ఆగిందంటే పాసే" అని హాస్టల్ గదుల్లో తిరిగే మాట సగమే నిజం. 85కే ఆగి పోయిందంటే గీతకు బాగా కింద ఉన్నట్టు. 150 దాకా వెళ్లి పోయిందంటే చివరిదాకా ఎటూ తేలలేదు, గీత పక్కనే ఉన్నట్టు. ఈ ఇద్దరికీ ఒకే సలహా ఎలా పనికొస్తుంది?

దీనికి తోడు, ఫెయిలైనవాళ్లకు మాత్రమే క్యాండిడేట్ పర్ఫార్మెన్స్ రిపోర్ట్ అని ఒకటి వస్తుంది. మేనేజ్‌మెంట్ ఆఫ్ కేర్, ఫార్మకాలజీ, ఇన్ఫెక్షన్ కంట్రోల్ ఇలా ఎనిమిది విభాగాల్లో మీరు పాస్ గీతకు పైన ఉన్నారో, దగ్గర ఉన్నారో, కింద ఉన్నారో చెప్తుంది. ఏడుపు వస్తుందని చాలామంది దాన్ని తెరవరు. తెరవండి. 150 దాకా వెళ్లి, ఎక్కువ వాటికి "దగ్గర" అని ఉంటే రెండు నెలల్లోపు రాసేయడమే మేలు, చదివింది ఇంకా వేడిగా ఉంటుంది. వందలోపే ఆగి, సగానికి పైగా "కింద" అని ఉంటే నాలుగైదు నెలలు ఆగడం మేలు. అదే పుస్తకాన్ని అదే పద్ధతిలో మరో 45 రోజులు తిరగేస్తే అదే రిపోర్టు మళ్లీ చేతికొస్తుంది.

ఇంకో రకం వాళ్లున్నారు. 2023 ఏప్రిల్‌కు ముందు రాసి, పెళ్లో పిల్లలో అడ్డొచ్చి ఇప్పుడు మళ్లీ మొదలుపెట్టేవాళ్లు. వాళ్లు ఆగాల్సిందే, ఎందుకంటే అప్పటి పరీక్ష ఇప్పుడు లేదు. 85 ప్రశ్నల్లోనే మూడు కేస్ స్టడీలు, ఒక్కోదానికి ఆరు ప్రశ్నలు వస్తాయి. 'సరైనవన్నీ ఎంచండి' ప్రశ్నలో ఇదివరకు ఒక్కటి తప్పినా సున్నా. ఇప్పుడు సరైన దానికి మార్కు వస్తుంది, తప్పు దానికి పోతుంది. పాత నోట్సు ఎవరైనా ప్రేమగా ఇస్తే తీసుకోండి, కానీ దాన్ని నమ్ముకుని హాల్లోకి వెళ్లకండి.

డబ్బు సంగతికొస్తే తొందర మరీ ఖరీదు. ప్రతిసారీ 200 డాలర్ల ఫీజు, అమెరికా బయట రాస్తున్నందుకు ఇంకో 150, దానిమీద పన్ను. మన లెక్కలో ముప్పై వేల పైమాటే. ఇక్కడ చాలా ప్రైవేటు ఆసుపత్రుల్లో స్టాఫ్ నర్సు నెల జీతం అంత ఉండదు. ప్రతిసారీ కొత్తగా రిజిస్టర్ చేసుకుని, కొత్త ఏటీటీ (పరీక్ష రాయడానికి ఇచ్చే అనుమతి) కోసం ఎదురు చూడాలి. అవకాశాలు లెక్కపెట్టే రాష్ట్రాలూ ఉన్నాయి. ఫ్లోరిడాలో మూడుసార్లు పోతే రెమీడియల్ కోర్సు చేస్తే తప్ప మళ్లీ కూర్చోనివ్వరు. న్యూయార్క్‌లో అలాంటి పరిమితి లేదు. మీ ఫైల్ ఏ రాష్ట్రంలో ఉందో కన్సల్టెన్సీ వాళ్లను గట్టిగా అడిగి తెలుసుకోండి. మూడోసారి రాసేవాళ్లలో కూడా ఆ సంగతి తెలియనివాళ్లు ఉన్నారంటే నమ్మండి.

పోనీ తొందరపడితే అమెరికా దగ్గరవుతుందా? ఇండియాలో పుట్టిన నర్సులకు గ్రీన్‌కార్డు ఉద్యోగాల మీద ఇచ్చే ఈబీ-3 కోటాలో రావాలి, ఆ క్యూ ఏళ్ల తరబడి ఉంది. అంత పొడవు క్యూలో మూడు నెలలు ముందు నిలబడ్డా పెద్ద తేడా రాదు. కెనడా 2015 నుంచి, విదేశీ నర్సుల విషయంలో ఆస్ట్రేలియా 2020 నుంచి ఇదే పరీక్ష పెడుతున్నాయి. అటు వెళ్లేవాళ్లకు తొందరలో కాస్త అర్థముంది.

ఇక ఆగిన నెలల్లో ఉద్యోగం మానేసి చదవడమా, చేస్తూ చదవడమా? నా ఓటు చేస్తూ చదవడానికే, నైట్ డ్యూటీలు తగ్గించమని ఇన్‌చార్జి సిస్టర్‌ను బతిమాలుకుని అయినా సరే. మానేసినవాళ్లు మొదటి రెండు వారాలు బాగానే చదువుతారు. తర్వాత "ఖాళీగానే ఉన్నావుగా" మొదలవుతుంది. పిన్నిగారి అమ్మాయి పెళ్లిచూపులు, అత్తగారి చెకప్పు, కరెంటు బిల్లు అన్నీ మీ నెత్తినే పడతాయి. పైగా సర్వీసులో గ్యాప్ పడితే రేపు గల్ఫ్ వెళ్దామన్నా ఇబ్బందే.

అయితే వార్డు పని మనకు నేర్పే అలవాట్లే ఈ పరీక్షలో మనల్ని ముంచుతాయి. సబ్జెక్టు బాగా వచ్చినవాళ్లు కూడా పదేపదే పోవడానికి ఇదే పెద్ద కారణమని నా నమ్మకం. ఇలాంటి ప్రశ్న ఒకటి చూడండి. హ్యాండోవర్ అయింది, అంటే ముందు డ్యూటీవాళ్లు పేషెంట్లను మీకు అప్పగించారు, మీకు నలుగురు. అపెండిక్స్ ఆపరేషనై నొప్పి పదికి ఏడు అంటున్న కుర్రాడు. రెండు రోజుల్లో కిలోన్నర బరువు పెరిగిన హార్ట్ ఫెయిల్యూర్ పెద్దాయన. నిన్న థైరాయిడ్ తీసేసిన, మూతి చుట్టూ తిమ్మిరిగా ఉందంటున్న ఆవిడ. షుగర్ 210 ఉన్న ఇంకొకాయన. ముందు ఎవరి దగ్గరికి వెళ్తారు?

మన వార్డులో అయితే కుర్రాడి దగ్గరికే. వాళ్లమ్మ, బాబాయి, ఇంకో ఇద్దరు నర్సింగ్ స్టేషన్ దగ్గరికి వచ్చి "సిస్టర్, సిస్టర్" అని నిలబడతారు. తిమ్మిరి ఆవిడ మాత్రం నోరెత్తదు, రౌండ్స్‌కి వచ్చిన డాక్టరుకు చెప్దామని ఊరుకుంటుంది. పరీక్షకు కావాల్సింది ఆవిడే. థైరాయిడ్ తీసేటప్పుడు దాని పక్కనే ఉండే పారాథైరాయిడ్ గ్రంథులు దెబ్బతిని ఉంటే కాల్షియం పడిపోతుంది, తిమ్మిరి దానికి తొలి గుర్తు, ముదిరితే గొంతు బిగుసుకుని ఊపిరి ఆడదు. ఈ సంగతి మనకు తెలియక కాదు. పుస్తకంలో అడిగితే గడగడా చెప్తాం. నలుగురిలో ఎవరు ముందు అని రోజూ మనమే తేల్చుకునే అలవాటు లేదు, అంతే.

పని పంచడమూ అంతే. రైల్స్ ట్యూబ్‌లో (ముక్కు గొట్టంలో) పాలు పోయడం, మంచం మీద ఒత్తిగిలించడం మన దగ్గర ఇంటివాళ్లే చేసేస్తారు. అక్కడ ఏ పని అసిస్టెంటుకు ఇవ్వొచ్చు, ఏది ఎల్‌పీఎన్‌కు (ఆర్‌ఎన్ కంటే కింది స్థాయి లైసెన్సు నర్సుకు) ఇవ్వొచ్చు, ఏది ఆర్‌ఎన్ మాత్రమే చేయాలి అన్నది మార్కులున్న ప్రశ్న. మందుల పేర్లూ మారతాయి. పారాసెటమాల్ అసిటమినోఫెన్ అవుతుంది, సాల్బుటమాల్ ఆల్బుటెరాల్ అవుతుంది. కాబట్టి డ్యూటీని మానేయకుండా దాన్నే ప్రాక్టీసు చేసుకోండి. హ్యాండోవర్ అవగానే మీ పేషెంట్లను మనసులో వరసపెట్టి, ఎందుకు ఆ వరసో మీకు మీరే చెప్పుకోండి. రెండు నిమిషాల పని.

కోచింగా, సొంతంగానా అన్నదానికి పెద్ద చర్చ అక్కర్లేదు. మొదటిసారికి కోచింగ్ మంచిదే. మూడోసారికి అదే క్లాసు మళ్లీ వినడం దండగ, ఆ డబ్బుతో మంచి క్వశ్చన్ బ్యాంక్ కొనుక్కోండి. రోజూ ఎన్ని చేశారన్నదానికంటే తప్పిన ప్రతిదాని పక్కనా కారణం రాశారా అన్నది చూసుకోండి: తెలియదు, తప్పుగా చదివాను, రెండింటి మధ్య ఊగి తప్పుది పెట్టాను. మూడో రకం ఎక్కువుంటే ఇంకో పుస్తకం కొనకండి, పైన చెప్పిన వరస ప్రాక్టీసు పెంచండి.

"ఎన్‌క్లెక్స్ వదిలేసి నార్సెట్ రాయనా?" అని అడిగేవాళ్లూ ఉన్నారు. ఎయిమ్స్‌లో నర్సింగ్ ఆఫీసర్ ఉద్యోగాలకు పెట్టే పరీక్ష అది. మంగళగిరి ఎయిమ్స్ కళ్లెదుట కనిపిస్తుంటే ఆశ పుట్టడం సహజం. ఇక్కడ చూసుకోవాల్సింది వయసు. నార్సెట్‌కు జనరల్ కేటగిరీలో 30 ఏళ్ల పరిమితి, ఓబీసీలకు మూడేళ్లు, ఎస్సీ, ఎస్టీలకు ఐదేళ్ల సడలింపు. ఎన్‌క్లెక్స్‌కు పై వయసు పరిమితి లేదు. 28 దాటినవాళ్లు ముందు మూసుకుపోయే తలుపు సంగతి చూసుకుని, ఎన్‌క్లెక్స్‌ను ఏడాది పక్కన పెట్టడమే మేలు. 24 ఏళ్ల పిల్ల అయితే మొదలుపెట్టినది పూర్తి చేయాలి. రెండూ కలిపి చదవడం మాత్రం వద్దు. నార్సెట్‌లో జ్ఞాపకం, వేగం, తప్పుకు మూడో వంతు కోత. ఎన్‌క్లెక్స్‌లో నిదానంగా తూచి నిర్ణయించడం. ఒకటి చదివే పద్ధతి రెండోదాన్ని చెడగొడుతుంది.

పరీక్ష తేదీ అందరికీ చెప్పాలా? ఇద్దరికి చెప్పండి, చాలు. ఒకరు ఇంట్లో, ఒకరు డ్యూటీలో. వాట్సాప్ గ్రూపులో "ఆల్ ది బెస్ట్" పెట్టిన నలభై మందికీ ఫలితం చెప్పుకోవాల్సిన బాధ తప్పుతుంది.

ఇక ప్రయాణం. మనకు దగ్గర సెంటరు హైదరాబాద్. బెంజ్ సర్కిల్లో రాత్రి బస్సెక్కి పొద్దున దిగి నేరుగా హాలుకు వెళ్లడమా, ముందురోజే వెళ్లి పడుకోవడమా అంటే, ఐదు గంటల పరీక్షకు రెండోదే. లాడ్జి ఖర్చు ముప్పై వేల ముందు ఎంత? గుర్తింపు కింద పాస్‌పోర్టు ఒక్కటే ఒప్పుకుంటారు, అందులో పేరు, రిజిస్ట్రేషన్‌లో పేరు అక్షరం పొల్లు పోకుండా కలవాలి. మన టెన్త్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక పొడి అక్షరం, పాస్‌పోర్టులో పూర్తిగా. ఫీజు కట్టకముందే పాస్‌పోర్టులో పేరు, రిజిస్ట్రేషన్‌లో రాసిన పేరు పక్కపక్కన పెట్టి చూసుకోండి.