ఎర్ర లోయ అంచున తొమ్మిది మైళ్లు

ఆర్చెస్, కాన్యన్‌ల్యాండ్స్ జాతీయ వనాలు చూడటానికి అమెరికాలోని యూటా రాష్ట్రం వెళ్లే మనవాళ్లలో చాలామంది డెడ్ హార్స్ పాయింట్ స్టేట్ పార్కులో అరగంట ఆగుతారు. రెండు వేల అడుగుల కింద వంపు తిరిగే కొలరాడో నదిని ఫొటో తీసుకుని బయల్దేరుతారు. మొదటిసారి మేమూ అంతే. ఈసారి ఏప్రిల్‌లో నేనూ మా ఆవిడా సైకిళ్లతో వెళ్లి రెండు రాత్రులు అక్కడే ఉన్నాం.

జాతీయ వనాల వార్షిక పాసు ఇక్కడ చెల్లదు. ఇది రాష్ట్రానిది, రుసుము వేరుగా కట్టాలి. తాగునీరు మోయాబ్ పట్టణం నుంచి ట్యాంకర్లలో పైకి వస్తుంది కాబట్టి తలా మూడు లీటర్లు మేమే తెచ్చుకున్నాం. అవి పూర్తిగా ఖర్చయ్యాయి.

ఇంట్రెపిడ్ సైకిల్ దారులు సందర్శకుల కేంద్రం పక్కనే మొదలవుతాయి. పిల్లలతో వస్తే నాలుగు మైళ్ల గ్రేట్ పిరమిడ్ చుట్టు చాలు. మేము తొమ్మిది మైళ్ల బిగ్ చీఫ్ తొక్కాం. పెద్ద ఎత్తులు లేవు గానీ నున్నటి బండ మీది నుంచి ఒక్కసారిగా మెత్తటి ఇసుకలోకి దిగే చోట్ల హ్యాండిల్ గట్టిగా పట్టుకోవాలి. నీడ లేదు, పొట్టి జునిపర్ చెట్లు తప్ప. దారి పక్కన నల్లగా పెచ్చుకట్టిన మట్టి కనిపిస్తుంది. అది ప్రాణమున్న నేల, సూక్ష్మజీవులు అల్లిన పొర. ఒక్క టైరు దాని మీదికి ఎక్కినా ఆ గాయం మానడానికి ఏళ్లు పడుతుంది. దయచేసి దారి దిగకండి.

తూర్పు అంచుకు చేరగానే ఎర్రటి లోయ అడుగున నీలం మడులు కనిపించాయి. అవి పొలాలకు వేసే పొటాష్ ఎరువు మడులు. నది నీటిని భూగర్భంలోకి పంపి, అక్కడి లవణాన్ని కరిగించి, ఆ ద్రావణాన్ని పైకి తోడి ఎండబెడతారు. త్వరగా ఆవిరి కావడానికి అందులో నీలం రంగు కలుపుతారు. పద్ధతి మన చినగంజాం ఉప్పు మడులదే. పొటాష్ బస్తాను సైకిల్ క్యారియర్‌కు కట్టి, చేలగట్ల మీద మా నాన్న నడిపించుకొస్తుంటే వెనక నుంచి పట్టుకుని నడిచినవాణ్ని నేను. సైకిల్ ఆపి ఆ అంచున చాలాసేపు కూర్చుండిపోయాను.

మోయాబ్ పట్టణంలో అద్దెకు తీసుకున్న సైకిళ్లలో ఒకదానికి వెనక బ్రేకు సరిగా పట్టలేదు. దుకాణం నుంచి బయటికి రాకముందే వాలులో ఒకసారి తొక్కి చూడండి.

బస విషయంలో నా మాట ఒక్కటే: పార్కులోని గుండ్రటి గుడారాల్లో ఉండండి. యర్ట్ అంటారు వాటిని. మంచాలు, కరెంటు, చలికి హీటరు ఉంటాయి. నెలల ముందే బుక్ చేసుకోవాలి. పట్టణంలో హోటళ్లూ భోజనశాలలూ ఎక్కువే, కానీ యాభై కిలోమీటర్ల దూరం. అక్కడ ఉంటే తెల్లవారుజామున ఈ అంచున ఉండటం కష్టం. రాత్రి పాలపుంత ఇంత స్పష్టంగా కనిపించదు. వంట సామాను మాత్రం మోసుకెళ్లక తప్పదు. మేము పులిహోర, పెరుగన్నంతో గడిపాం.

రెండో రోజు ఎండ ఎక్కకముందే అదే చుట్టు మళ్లీ తొక్కి, ఆ మడుల ఫొటో నాన్నకు పంపాను. సాయంత్రం ఫోన్ చేస్తే, “మన బస్తాలో ఎర్రగా ఉండేది కదరా, అక్కడ ఇంత నీలంగా ఉందా?” అని రెండుసార్లు అడిగారు.