గంపగుత్తగా పంపేయడమా, కాగితాలిచ్చి పన్ను కట్టించుకోవడమా: అమెరికాకు ఏది మేలు?

2025 మే నెలలో అమెరికా హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చెప్పింది. దేశంలో ఉండేందుకు అనుమతి కాగితాలు లేని ఒక మనిషిని పట్టుకుని, నిర్బంధంలో ఉంచి, స్వదేశానికి పంపడానికి సగటున 17,121 డాలర్లు ఖర్చవుతోంది. అదే మనిషి తనంతట తానే వెళ్ళిపోతానని ఫోన్‌లో యాప్ ద్వారా నమోదు చేసుకుంటే, ప్రయాణానికి సాయం చేసి, చేరాక చేతిలో 1,000 డాలర్లు పెడతామంది. అప్పటి మారకంలో మొదటిది సుమారు పద్నాలుగున్నర లక్షల రూపాయలు, రెండోది ఎనభై అయిదు వేలు.

వలసల మాట ఎత్తగానే రోషాలు, భయాలు ముందుకొస్తాయి, జమాఖర్చు వెనక్కి పోతుంది. నేను ముందు జమాఖర్చే చూడదలిచాను. అమెరికా ముందున్న దారులు స్థూలంగా నాలుగు: గంపగుత్తగా పంపేయడం, డబ్బిచ్చి సాగనంపడం, పని దొరక్కుండా చేయడం, షరతులు పెట్టి కాగితాలివ్వడం.

గంపగుత్తగా పంపేస్తే

అసలు కాగితాలు లేనివాళ్ళు ఎంతమంది? ప్యూ అనే పరిశోధన సంస్థ అంచనాలో 2022లో కోటీ పది లక్షలు, 2023లో కోటీ నలభై లక్షలు. అమెరికన్ ఇమిగ్రేషన్ కౌన్సిల్ 2024 అక్టోబరులో కోటీ ముప్ఫై మూడు లక్షల మందిని తీసుకుని లెక్క కట్టింది. ఈ కౌన్సిల్ వలసదారుల పక్షాన నిలిచే సంస్థ అని ముందే చెప్పుకోవాలి. ఒక్క విడతలో అందరినీ పంపాలంటే 31,500 కోట్ల డాలర్లు. ఏడాదికి పది లక్షల మంది చొప్పున పంపితే సాలీనా సగటున 8,800 కోట్ల డాలర్లు, అదీ పదేళ్ళకు పైగా. రూపాయల్లోకి మారిస్తే ఏడాదికి ఏడున్నర లక్షల కోట్లు. 2025-26లో ఆంధ్రప్రదేశ్ బడ్జెట్ 3.22 లక్షల కోట్లు, తెలంగాణది 3.05 లక్షల కోట్లు. మన రెండు రాష్ట్రాలు బళ్ళు, ఆసుపత్రులు, పెన్షన్లు, కాలువలు, జీతాలు అన్నీ నడిపే సొమ్ము కలిపినా అంత కాదు.

ఆ 31,500 కోట్లలో విమానాల వాటా చిన్నది, 2,410 కోట్లు. పట్టుకోవడానికి 8,930 కోట్లు, కోర్టు విచారణలకు 3,410 కోట్లు. సగానికి మించి, 16,780 కోట్లు, నిర్బంధంలో ఉంచడానికే పోతుంది. ఎందుకంటే చాలామందిని పట్టుకున్న మర్నాడే విమానం ఎక్కించడం కుదరదు. వలస న్యాయమూర్తి ముందు విచారణ జరగాలి, అప్పీలు ఉంటుంది, స్వదేశం ప్రయాణ పత్రాలివ్వాలి. అన్నాళ్ళూ ఒక మంచం, మూడు పూటలా తిండి, వైద్యం, కాపలా. మంచానికి రోజుకు 150 డాలర్లకు పైనే. 2024 చివరికి వలస కోర్టుల్లో పేరుకుపోయిన కేసులు 37 లక్షలకు పైమాటే.

2025 జులై 4న సంతకమైన చట్టం వలసల కట్టడికి సుమారు 17,000 కోట్ల డాలర్లు ఇచ్చింది, అందులో నిర్బంధ కేంద్రాలకే 4,500 కోట్లు. అదే చట్టం 2028 నవంబరు నుంచి వలస న్యాయమూర్తుల సంఖ్య 800 దాటకూడదంది. తూము బిగించి చెరువులోకి నీళ్ళు వదిలినట్టుంది ఈ పద్ధతి. తీర్పు ఆలస్యమైన ప్రతి రోజూ మంచం ఖర్చు పెరుగుతూనే ఉంటుంది.

ఇదంతా పంపడానికయ్యే ఖర్చు. పంపాక వచ్చే నష్టం వేరే పద్దు. కాగితాలు లేనివాళ్ళు పన్ను కట్టరన్న మాట తరచూ వింటాం, అది నిజం కాదు. ఇన్‌స్టిట్యూట్ ఆన్ టాక్సేషన్ అండ్ ఎకనామిక్ పాలసీ అంచనా ప్రకారం 2022లో వాళ్ళు కట్టిన పన్నులు మొత్తం 9,670 కోట్ల డాలర్లు. కొట్లో కొన్న ప్రతి వస్తువు మీదా పన్ను, అద్దెలో కలిసి ఇంటి పన్ను, జీతంలోంచి సోషల్ సెక్యూరిటీ కోత. ఆ కోత పడినవాళ్ళలో ఎక్కువమందికి ముసలితనంలో ఆ పెన్షన్ రాదు. ఇంకొకరి పెన్షన్ నిధిలోకి నెలనెలా డబ్బు వేస్తూ, తమ పేరు మీద ఏమీ మిగలని మనుషులు వాళ్ళు. ఈ ఒక్క సంగతి నన్ను ఎన్నాళ్ళుగానో కలచివేస్తోంది.

ఇక పని. అమెరికా పంటపొలాల కూలీల్లో నూటికి నలభై మందికి కాగితాలు లేవు. 2011లో ఆలబామా రాష్ట్రం కఠినమైన వలస చట్టం తెచ్చినప్పుడు కూలీలు రాత్రికి రాత్రి ఊళ్ళు ఖాళీ చేశారు, టమోటా తోటల్లో పండు కోసేవాళ్ళు లేక కుళ్ళిపోయింది. కోతలవేళ కూలీ దొరక్కపోతే ఏమవుతుందో మన రైతుకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. ‘వాళ్ళు పోతే ఆ పనులు మనవాళ్ళకొస్తాయి’ అనే వాదన వినడానికి బాగుంటుంది. కానీ ఒబామా కాలపు తిప్పి పంపడాలను పరిశీలించిన ఆర్థికవేత్తలు వేరే సంగతి తేల్చారు. పది లక్షల మందిని పంపితే అమెరికాలో పుట్టినవాళ్ళవి కూడా దాదాపు 88,000 ఉద్యోగాలు పోతాయి. ఇల్లు కట్టేచోట పునాది తవ్వే మనిషి లేకపోతే తాపీమేస్త్రీకీ, కరెంటు పనివాడికీ కూడా పని ఆగిపోతుంది. మొత్తం ఆర్థిక వ్యవస్థ 4.2 నుంచి 6.8 శాతం దాకా కుంగుతుందని కౌన్సిల్ అంచనా.

ఎదుటి పక్షం లెక్క

వలసలను తగ్గించాలనే ఫెడరేషన్ ఫర్ అమెరికన్ ఇమిగ్రేషన్ రిఫార్మ్ 2023లో మరో అంకె ఇచ్చింది. కాగితాలు లేనివాళ్ళ వల్ల అమెరికా మీద పడే నికర భారం ఏడాదికి 15,070 కోట్ల డాలర్లు అంది. అందులో అమెరికాలోనే పుట్టి పుట్టుకతోనే పౌరులైన పిల్లల చదువు ఖర్చు కూడా కలిసి ఉంది. తల్లిదండ్రులను పంపేసినా ఆ పిల్లలు అమెరికా పౌరులే కదా, వాళ్ళ బడి ఖర్చును ఈ ఖాతాలో రాయడం నాకు సమ్మతం కాదు.

అయినా ఆ పక్షం బాధలో నిజం ఉంది. ఏ పార్టీకీ చెందని కాంగ్రెస్ బడ్జెట్ కార్యాలయం ఇచ్చిన రెండు అంచనాలు కలిపి చదివితే అది తెలుస్తుంది. 2021 తర్వాత ఉధృతంగా వచ్చిన వలసల వల్ల ఫెడరల్ (అంటే కేంద్ర ప్రభుత్వ) లోటు 2024 నుంచి 2034 మధ్య 90,000 కోట్ల డాలర్ల మేర తగ్గుతుందని ఒకటి. అదే వలసల వల్ల రాష్ట్రాలకు, నగరాలకు 2023లో నికరంగా 920 కోట్ల డాలర్ల భారం పడిందని రెండోది. రాబడి వాషింగ్టన్‌కు, ఖర్చు ఊరి బడికీ ఆసుపత్రికీ. ఆ ఊరివాళ్ళు కోప్పడితే తప్పెలా అవుతుంది? ఫెడరల్ ఖజానాకు వచ్చిన దాంట్లో ఊరి వాటా ఊరికి పంచకుండా ఎన్ని నీతులు చెప్పినా ఆ కోపం చల్లారదు.

డబ్బిచ్చి సాగనంపితే

పట్టుకుని పంపడంతో పోలిస్తే ఖర్చు 70 శాతం దాకా తగ్గుతుందని హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖే చెప్పింది. సంకెళ్ళు ఉండవు, మనిషి పరువు మిగులుతుంది. నిన్నమొన్న వచ్చి, ఇంకా వేళ్ళూనుకోనివాళ్ళకు ఇది మంచి దారే. పదిహేనేళ్ళుగా ఉంటూ, పిల్లలను అక్కడి బళ్ళో చదివిస్తున్న కుటుంబం వెయ్యి డాలర్లకు బయలుదేరుతుందా?

పని దొరక్కుండా చేస్తే

ఉద్యోగంలో పెట్టుకునే ముందు ఈ-వెరిఫై అనే ప్రభుత్వ వ్యవస్థలో పేరు సరిచూడడం యజమానులందరికీ తప్పనిసరి చేయడం మూడో దారి. మంచాలు అక్కర్లేదు, విమానాలు అక్కర్లేదు. చూడ్డానికి చౌక. కానీ దీన్ని ఒంటరిగా అమలు చేస్తే ఏమవుతుందో కాంగ్రెస్ బడ్జెట్ కార్యాలయం 2008లోనే చెప్పింది: పదేళ్ళలో పన్నుల రాబడి 1,730 కోట్ల డాలర్లు తగ్గుతుంది. యజమాని పనివాడిని మానిపించడు, జీతాన్ని పుస్తకంలోంచి తీసేసి చేతికి నోట్లిస్తాడు. ఆ తర్వాత కూలీ ఎగ్గొట్టినా అడిగే దిక్కుండదు.

కాగితాలిస్తే

1986లో అధ్యక్షుడు రీగన్ సంతకం చేసిన చట్టం దాదాపు 27 లక్షల మందికి కాగితాలిచ్చింది. ఆ తర్వాత? 2007 నాటికి కాగితాలు లేనివాళ్ళు మళ్ళీ కోటీ ఇరవై లక్షలు దాటారు. క్షమాభిక్ష పెడితే ఇంకా వస్తారనేవాళ్ళు చూపించే ఉదాహరణ ఇదే, కొట్టిపారేయదగ్గది కాదు. అయితే ఆ చట్టంలో యజమానులకు వేయాల్సిన శిక్షల భాగం కాగితం మీదే మిగిలింది. పొలాలకు, హోటళ్ళకు కావలసిన మనుషులు చట్టబద్ధంగా వచ్చే దారిని కూడా సరిపడా తెరవలేదు. ఇంట్లో ఉన్నవాళ్ళకు చోటిచ్చి, వీధి తలుపు సంగతి వదిలేశారు.

2013లో ఆ తప్పు దిద్దే ప్రయత్నం జరిగింది. రెండు పార్టీల వాళ్ళూ కలిసి తెచ్చిన బిల్లును సెనేట్ 68-32 ఓట్లతో ఆమోదించింది. నేరచరిత్ర లేదని తేలాలి, జరిమానా, పాత పన్ను బకాయిలు కట్టాలి, పౌరసత్వానికి పదమూడేళ్ళు ఆగాలి. దాంతోపాటే ఈ-వెరిఫై తప్పనిసరి, సరిహద్దు గస్తీ రెట్టింపు, కొత్త పని వీసాలు. ఆ గస్తీ ఖర్చంతా తీసేశాక కూడా ఫెడరల్ లోటు మొదటి పదేళ్ళలో సుమారు 13,500 కోట్ల డాలర్లు, తర్వాతి పదేళ్ళలో దాదాపు 68,500 కోట్లు తగ్గుతుందని బడ్జెట్ కార్యాలయం అంచనా వేసింది. ఆ లాభమంతా కాగితాలివ్వడం వల్లే కాదు, కొత్తగా చట్టబద్ధంగా వచ్చేవాళ్ళ పన్నులూ అందులో ఉన్నాయి. ప్రతినిధుల సభ ఆ బిల్లును ఓటుకే పెట్టలేదు.

పని చేసుకునే అనుమతి ఒక్కటి ఇచ్చినా వాళ్ళు కట్టే పన్ను ఏడాదికి 9,670 కోట్ల నుంచి 13,690 కోట్ల డాలర్లకు పెరుగుతుందని ఇందాక చెప్పుకున్న పన్నుల సంస్థే అంటోంది. అంటే ఒక దారిలో ఏటా 8,800 కోట్లు ఖర్చు పెట్టి ఉన్న పన్ను పోగొట్టుకోవాలి, ఇంకో దారిలో ఏటా మరో 4,000 కోట్లు వస్తాయి.

మనకేం పట్టింది?

2025 ఫిబ్రవరి 5న అమెరికా సైనిక విమానం అమృత్‌సర్‌లో దిగింది. 104 మంది భారతీయులు, చేతులకు, కాళ్ళకు సంకెళ్ళు. ఎక్కువమంది హర్యానా, గుజరాత్, పంజాబ్ వాళ్ళు. అందులో తెలుగువాళ్ళు లేరని కొందరు ఊపిరి పీల్చుకున్నారు. 2011లో కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ యూనివర్సిటీ మూతపడ్డప్పుడు కాళ్ళకు ఎక్కడున్నారో కనిపెట్టే రేడియో పట్టీలు వేయించుకున్నది మన పిల్లలే. 2019లో మిషిగన్‌లో వలస శాఖే నడిపిన ఫార్మింగ్టన్ అనే బూటకపు యూనివర్సిటీలో చేరి పట్టుబడ్డవాళ్ళలోనూ మన విద్యార్థులు చాలామంది. వీసా అనేది తుమ్మితే ఊడిపోయే ముక్కు. ఉద్యోగం పోయిన అరవై రోజుల్లో ఇంకోటి దొరక్కపోతే, హెచ్1బీ మీద ఉన్న ఇంజనీరు కూడా కాగితాలు లేనివాళ్ళ వరసలో నిలబడతాడు. అందుకే ‘వాళ్ళు వేరు, మనం వేరు’ అని మన సంఘాల్లో ఎవరన్నా అంటే నాకు మనసొప్పదు.

నా మటుకు నాకు మేలైన దారి ఒంటరిగా ఏ ఒక్కటీ కాదు, వరస ముఖ్యం. మంచాల కంటే ముందు న్యాయమూర్తులను పెంచాలి. నేరాలు చేసినవాళ్ళను, తీర్పు పూర్తయినవాళ్ళను పంపాలి. కొత్తగా వచ్చినవాళ్ళు పోతామంటే డబ్బిచ్చి పంపాలి. ఏళ్ళ తరబడి ఉన్నవాళ్ళకు ముందు కాగితాలిచ్చి, ఆ తర్వాత ఈ-వెరిఫై తప్పనిసరి చేయాలి. ఈ రెంటినీ తారుమారు చేస్తే పన్ను రాబడి పోతుంది.

ఏళ్ళ తరబడి ఉన్నవాళ్ళ కోసం కొత్త చట్టం రాయక్కర్లేదు కూడా. 1929లోనే అమెరికా ఒక చట్టం చేసుకుంది: ఫలానా తేదీకి ముందు వచ్చి, అప్పటినుంచీ ఇక్కడే ఉండి, మంచి నడవడితో బతుకుతున్నవాడు శాశ్వత నివాసానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆ తేదీని కాంగ్రెస్ నాలుగుసార్లు ముందుకు జరిపింది. ఆఖరుసారి జరిపింది 1986లో. అప్పుడు పెట్టిన తేదీ 1972 జనవరి 1. ఇవాళ్టికీ అదే ఉంది.