నడుము నొప్పికి రెండున్నరేళ్లుగా ఆక్యుపంక్చర్: నా అనుభవం

శ్రీకాకుళంలో ఇంటి దగ్గరే టైలరింగ్ చేస్తాను. మిషన్ ఎక్కి ఇరవై రెండేళ్లయింది కాబట్టి నడుము నొప్పి ఎలా వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు. డిస్క్ కాస్త బయటికి జరిగింది, ఆపరేషన్ అవసరం లేదు, వ్యాయామాలు చెయ్యండి అన్నారు డాక్టరు గారు. నొప్పి మాత్రలు వేసుకుంటే కడుపులో మంట. ఆమదాలవలసలో మా తోటికోడలు అప్పటికే మోకాళ్లకి సూదులు వేయించుకుంటోంది, "ఓసారి రా అక్కా, ఏటి పోయింది" అంటే వెళ్లాను.

రోజంతా సూదులతోనే నా బతుకు, అయినా మొదటిరోజు బోర్లా పడుకున్నాక చేతులు చల్లబడ్డాయి. ఒకటి చూపించండమ్మా అంటే సూదులు వేసే ఆవిడ ప్యాకెట్ చింపి నా చేతిలో పెట్టారు. మందం పావు మిల్లీమీటరు. మనం జాకెట్లు కుట్టే 14 నంబరు మిషన్ సూది 0.9 మిల్లీమీటర్లు ఉంటుంది, ఇది అందులో మూడో వంతు కూడా లేదు, వేలితో నొక్కితే విల్లులా వంగిపోయింది. ఇంజెక్షన్ సూదిలా లోపల బోలు ఉండదు, మొన ఏటవాలుగా కోసి ఉండదు. బనియన్ గుడ్డ కుట్టేటప్పుడు బాల్‌పాయింట్ సూది పోగు తెంపకుండా పక్కకి జరిపి దిగుతుంది చూడండి, ఇదీ దాదాపు అలాగే దిగుతుంది, అందుకే చాలాసార్లు రక్తపు చుక్క కూడా రాదు. చిన్న ప్లాస్టిక్ గొట్టంలో పెట్టి పైన వేలితో తడతారు, చీమ కుట్టినంత. అసలు సంగతి తర్వాత తెలుస్తుంది. సూదిని రెండు వేళ్లతో మెల్లగా తిప్పుతారు, అప్పుడు లోపల బరువుగా, ఎవరో లాగుతున్నట్టు, తిమ్మిరిగా ఉంటుంది, మోకాలి వెనక మడతలో వేసిందైతే పిక్క దాకా పాకింది. చైనావాళ్లు దీన్ని 'ద చీ' అంటారు, చీ అంటే ప్రాణశక్తి, అది అందింది అని. సూది తిప్పినప్పుడు చర్మం కింద ఉండే సన్నటి కణజాలం దాని చుట్టూ చుట్టుకుంటుందని 2001లో అమెరికాలో హెలీన్ లాంజెవిన్ బృందం రాసింది. అది తెలిసినప్పుడు నాకు బాబిన్‌కి దారం చుట్టడమే కళ్లముందు మెదిలింది.

ఎలా పనిచేస్తుందని అడిగితే రెండు జవాబులున్నాయి. చైనా పాత వైద్యం లెక్కలో ఒంట్లో చీ అనే ప్రాణశక్తి 14 ముఖ్యమైన దారుల్లో పారుతుంది, వాటి మీద 361 బిందువులుంటాయి, పారుదల ఎక్కడో ఆగితే నొప్పి. వంశధార కాలవలో తుక్కు అడ్డుపడితే తీసినట్టు సూది ఆ అడ్డు తీస్తుందన్నమాట. వినడానికి బాగుంటుంది, కానీ శరీరం కోసి చూసినవాళ్లకి ఆ దారులు కనపడలేదు. ఇప్పటి పరిశోధన చెప్పేది వేరు: గుచ్చినప్పుడు కదిలిన నరాలు వెన్నుపాము దగ్గర నొప్పి కబురుని కొంత అడ్డుకుంటాయి, మెదడు ఎండార్ఫిన్లు వదులుతుంది, అవి ఒంట్లోనే తయారయ్యే నొప్పి మందులు. దెబ్బ తగిలిన చోట చేత్తో రుద్దుకుంటే తేలికపడుతుంది కదా, మొదటిది దాదాపు అదే.

2007లో జర్మనీలో 1162 మంది నడుము నొప్పివాళ్ల మీద చేసిన అధ్యయనం నన్ను చాలా రోజులు ఆలోచనలో పడేసింది. ఆరు నెలల తర్వాత చూస్తే, సరైన బిందువుల్లో గుచ్చినవాళ్లలో 47.6 శాతం మందికి గుణం కనిపించింది, బిందువులు కాని చోట పైపైన గుచ్చినా 44.2 శాతం మందికి కనిపించింది, మామూలు మందులు, వ్యాయామాలతో 27.4 శాతమే. అంటే ఉపశమనం నిజం, బిందువు కచ్చితంగా ఎక్కడన్నది మాత్రం అంత పట్టింపు లేదేమో. నమ్మకం, అరగంట కదలకుండా పడుకోవడం, ఒక మనిషి మన బాధ శ్రద్ధగా వినడం కూడా అందులో కలిసే ఉంటాయని నాకనిపిస్తుంది.

నా విషయానికొస్తే, మొదటి మూడు సిట్టింగులకి ఏమీ తెలియలేదు. ఐదోదాని తర్వాత రాత్రి మెలకువ రాకుండా పడుకున్నాను. అంతకుముందు మిషన్ మీద నలభై నిమిషాలే, పన్నెండు సిట్టింగులయ్యేసరికి రెండు గంటలు కూర్చోగలిగాను, ఈ ఏడాది రథసప్తమికి అరసవల్లిలో క్యూలో నిలబడి దర్శనం చేసుకుని వచ్చాను. డిస్క్ మాత్రం అలాగే ఉంది. పండగ గిరాకీలో నెల రోజులు వ్యాయామాలు మానేస్తే, సూదులు వేయించుకుంటున్నా నొప్పి తిరిగొచ్చింది. రెండుసార్లు చర్మం కమిలింది, ఒకసారి ఖాళీ కడుపుతో వెళ్లి కళ్లు తిరిగాయి.

మధ్యలో ఇంటికి దగ్గరని ఇంకోచోటికి మారాను. అక్కడ నాడి పట్టుకుని, థైరాయిడ్ మాత్ర ఆపేయండి, సూదులే చాలు అన్నారు. నమ్మి ఐదు వారాలు ఆపేశాను. ముఖం ఉబ్బింది, మెట్లెక్కితే ఆయాసం, కత్తెర పట్టుకోవడానికి కూడా ఓపిక లేదు. రక్తపరీక్ష చేయిస్తే టీఎస్‌హెచ్ (థైరాయిడ్ తక్కువైతే పెరిగే హార్మోన్) బాగా పెరిగిపోయింది. ఇప్పటికీ తలచుకుంటే కోపం వస్తుంది. నొప్పికి వెళ్లినవాళ్లని మాత్రలు మానమనే చోట ఒక్క నిమిషం కూడా కూర్చోకండి.

2019లో కేంద్ర ప్రభుత్వం ఆక్యుపంక్చర్‌ని చికిత్సా పద్ధతిగా గుర్తించింది గానీ బోర్డు పెట్టినవాళ్లందరూ నేర్చుకున్నవాళ్లు కాదు, ఎక్కడ నేర్చుకున్నారో అడగండి. సూది ప్యాకెట్ మీ ఎదుటే తెరవాలి, వాడింది మళ్లీ వాడకూడదు. రక్తం పలచబడే మందులు వాడుతున్నా, గర్భంతో ఉన్నా ముందే చెప్పాలి. ఛాతీ మీద, వీపు పైభాగంలో లోతుగా దిగితే ఊపిరితిత్తికి తగిలే ప్రమాదం ఉంది, అరుదే కానీ ఉంది.

నేను మళ్లీ ఆమదాలవలస ఆవిడ దగ్గరికే వెళుతున్నాను, సిట్టింగుకి 300, నెలకోసారి, సంక్రాంతి బట్టలు మొదలయ్యాక వారానికోసారి.